నల్లబడని వంకాయ ముక్కలు

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద ఉన్న జ్యూస్ కౌంటర్లో ఒక బోర్డు వేలాడుతుంటుంది: యాంటీఆక్సిడెంట్లు పుష్కలంగా ఉన్న స్పైస్డ్ వెజ్ స్మూతీ. క్యారెట్, బీట్‌రూట్, టొమేటో, పాలకూర, అల్లం, పసుపు, మిరియాలు, చిటికెడు లవంగాల పొడి. రుచి బాగానే ఉంటుంది. ధర గురించి కూడా నాకు పెద్ద ఫిర్యాదు లేదు, ఆ వీధిలో అద్దెలెంతో తెలిసినవాణ్ణి. నాకు పేచీ అల్లా ఆ మొదటి మాటతోనే. గ్లాసులో ఉన్నవన్నీ మనకి చుట్టాలే. ఈ యాంటీఆక్సిడెంట్ అనే పెద్దమనిషి ఎవరు? ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఎప్పట్నుంచి మన గ్లాసులో కూర్చుని బిల్లు పెంచుతున్నాడు?

వెతుక్కుంటూ వెనక్కి పోతే మొదట తగిలింది వంటగది కాదు, యుద్ధరంగం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు వాడిన రసాయన ఆయుధాల్లో ఎక్రోలీన్ ఒకటి. పొయ్యి మీద నూనె మూకుడు మరిచిపోతే పొగలొచ్చి కళ్ళు మండుతాయి కదా, ఆ మంటకి ఒక కారణం ఈ ఎక్రోలీనే. దానితో వచ్చిన చిక్కేమిటంటే అది నిలవ ఉండదు. కొన్నాళ్ళకి చిక్కబడి, జిగురై, ముద్దయి ఎందుకూ కొరగాకుండా పోతుంది. దీని సంగతి చూడమని షార్ల్ మురూ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఆయనా, ఆయన సహచరుడు షార్ల్ దుఫ్రెస్సూ కలిసి కనిపెట్టిందేమిటంటే, హైడ్రోక్వినోన్ లాంటి ఫినాల్ జాతి పదార్థం రవ్వంత కలిపితే చాలు, ఎక్రోలీన్ పాడవకుండా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పనికి ఈ రవ్వంత పదార్థం అడ్డుపడుతోంది. యుద్ధం అయ్యాక, 1922 నుంచి, వాళ్ళు ఈ విషయం మీద వరసగా వ్యాసాలు రాశారు. ఇవాళ ఆరోగ్యానికి మారుపేరుగా తిరుగుతున్న భావన మొదట ఒక విషవాయువుని తాజాగా ఉంచడానికి పనికొచ్చిందన్నమాట.

తర్వాతి ముప్పై ఏళ్ళూ ఈ మాట ఫ్యాక్టరీల్లోనే తిరిగింది. రబ్బరు బీటలు వారకుండా, పెట్రోల్లో జిగురు చేరకుండా, కొవ్వు ముక్క వాసన రాకుండా ఏం కలపాలి అన్నదే ప్రశ్న. అక్కడే మసాలా దినుసులు రంగంలోకి వచ్చాయి. 1952లో చిపో అనే అమెరికన్ పరిశోధకుడు, సహచరులతో కలిసి, ముప్పైకి పైగా దినుసుల్ని పంది కొవ్వులో కలిపి, ఏది ఎంతకాలం ఆ కొవ్వుని కాపాడుతుందో కొలిచాడు. రోజ్‌మేరీ, సేజ్ ఆకులు ముందు నిలిచాయి. లవంగంలో ఉండే యూజినాల్, పసుపులో ఉండే కర్క్యుమిన్ కూడా ఆ ఫినాల్ జాతివే. కాబట్టి లవంగానికి ఈ గుణం ఉందనడం అబద్ధమేమీ కాదు. కాకపోతే అది దేన్ని కాపాడుతుందో చూసుకోవాలి: డబ్బాలో ఉన్న కొవ్వుని.

మనవాళ్ళకి ఈ సంగతి పేరు లేకుండానే తెలుసు. ఆవకాయకి నువ్వులనూనే కావాలని పట్టుబట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రుచి కోసమే అనుకుంటాం. కానీ నువ్వులనూనెలో సెసమాల్ వంటి ఫినాల్ జాతి పదార్థాలుంటాయి, అందువల్ల మిగతా చాలా నూనెలకంటే ఎక్కువకాలం ముక్క వాసన రాకుండా నిలుస్తుంది. ఉప్పూ, పులుపూ సూక్ష్మజీవుల సంగతి చూసుకుంటాయి, నూనె తన సంగతి తను చూసుకుంటుంది. యాంటీఆక్సిడెంట్ అనే మాటకి అసలైన, కచ్చితమైన అర్థం కావాలంటే జాడీలోకి చూస్తే చాలు. కథంతా ఆ జాడీలోంచి మన ఒంట్లోకి ఎలా దూకింది అన్నదే.

దూకడానికి తలుపు తీసినవాడు ఒక హంగేరియన్. ఆల్బర్ట్ సెంట్‌జార్జి అనే ఈయనకి 1920లలో ఒక చిన్నపిల్లల ప్రశ్న పట్టుకుంది: కోసిన ఆపిల్, బంగాళాదుంప ఎందుకు నల్లబడతాయి? నిమ్మ, నారింజ ఎందుకు నల్లబడవు? మన వంటింట్లో దీన్ని వంకాయ ప్రశ్న అనొచ్చు. వంకాయ తరిగి ఊరికే వదిలేస్తే పది నిమిషాల్లో ముక్కలు గోధుమరంగుకి తిరుగుతాయి. అందుకే ఉప్పునీళ్ళలోనో, పల్చటి మజ్జిగలోనో వేస్తాం. కాయ కణంలో ఫినాల్ పదార్థం ఒక గదిలో ఉంటుంది, దాన్ని ఆక్సిజన్‌తో కలిపే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటుంది. కత్తి ఆ రెండు గదుల మధ్య గోడ కూలుస్తుంది. నల్లబడటం ఆ కలయిక ఫలితమే. నిమ్మ జాతి రసాల్లో ఆక్సిజన్ పనిని వెనక్కి తిప్పే ఏదో పదార్థం ఉందని సెంట్‌జార్జికి తోచింది. దాన్ని ముందు ఎద్దుల అడ్రినల్ గ్రంథుల్లోంచి, తర్వాత నారింజ, క్యాబేజీల్లోంచి విడదీశాడు. అదేమిటో తెలియదు గనక 'నాకు తెలీదు' అనే అర్థం ధ్వనించేలా ఇగ్నోస్ అని పేరు పెడితే, పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. అయితే గాడ్‌నోస్ అంటాను, అదేదో దేవుడికే తెలుసు, అన్నాడట. ఆ సరదా కూడా చెల్లలేదు. చివరికి 1928లో హెక్సురోనిక్ ఆమ్లం అనే పద్ధతైన పేరుతో అచ్చయింది.

కేంబ్రిడ్జి నుంచి హంగేరీలోని సెగెడ్‌కి తిరిగొచ్చాక, తన దగ్గరున్న ఆ కొద్దిపాటి పదార్థమే విటమిన్ సి అని గినీ పందుల మీద పరీక్షలతో తేలింది. కానీ ఉన్న కాస్తా ఖర్చైపోయింది. సెగెడ్ పాప్రికాకి పెట్టింది పేరు. మన గుంటూరు మిరపదీ, ఈ పాప్రికాదీ ఒకే జాతి. ఆయనే తర్వాత చెప్పుకున్న కథ ప్రకారం, ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి పాప్రికా వడ్డించింది. తినబుద్ధి కాలేదు. వద్దని చెప్పే ధైర్యమూ లేదు. ఇది పరీక్షించి చూస్తానంటూ ల్యాబ్‌కి పట్టుకుపోయాడు. అర్ధరాత్రికి తెలిసింది, ఆ కాయ నిండా విటమిన్ సి ఉందని. గ్రాముల కోసం తిప్పలు పడ్డవాళ్ళు కొద్ది వారాల్లో కిలోల లెక్కన తీశారు. 1937లో నోబెల్ వచ్చింది. భార్య వండింది తినకుండా తప్పించుకున్నందుకు ఇంత పెద్ద బహుమతి అందుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని సాధారణంగా దాటేస్తారు. విటమిన్ సి లేకపోతే స్కర్వీ వస్తుంది, చిగుళ్ళు రక్తం కారతాయి, పాత గాయాలు కూడా తెరుచుకుంటాయి. ఎందుకంటే మన ఒంట్లో కణజాలాన్ని కట్టిపడేసే కొల్లాజెన్‌ని గట్టిపరిచే ఎంజైములు పనిచెయ్యడానికి అది కావాలి. ఒక చోట, ఒక ఎంజైమ్ దగ్గర, ఒక నిర్దిష్టమైన ఉద్యోగం. అంతేగానీ ఒంట్లో ఎక్కడ ఆక్సిజన్ కనిపిస్తే అక్కడ కర్ర పట్టుకుని తరిమే కావలివాడు కాదు. ఈ తేడా ముందు ముందు మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది.

ఈలోగా ఆ కత్తికి మోటారు తగిలింది. 1922లో అమెరికాలోని రసీన్ అనే ఊళ్ళో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ అనే పోలిష్ వలసదారు, గిన్నె అడుగున తిరిగే బ్లేడుతో ఒక పానీయాల యంత్రానికి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. ఉద్దేశం మాల్టెడ్ పాలు కలపడం. రసీన్ హార్లిక్స్ పుట్టినూరు మరి. మన ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీ మీదుగా వెళ్ళినప్పుడల్లా బస్సంతా ఆ వాసన పీల్చుకున్నవాళ్ళకి ఈ చుట్టరికం నచ్చుతుంది. తర్వాత ఫ్రెడ్ ఓసియస్ దాన్ని మెరుగుపరిచి, డబ్బు కోసం 1936లో ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండ్ నాయకుణ్ణి పట్టుకున్నాడు. పాటలవాడికి మిక్సీ ఎందుకంటే, కడుపులో పుండు ఉన్నందుకు పచ్చి కూరగాయల్ని మెత్తగా చేసుకుని తీసుకోమని డాక్టర్లు చెప్పారని, అందుకే ఆసక్తి పడ్డాడని అంటారు. అదే నిజమైతే, ఇంట్లో కూరగాయల స్మూతీ వంశవృక్షానికి వేరు ఆ పుండే. 1937లో షికాగో రెస్టారెంట్ల ప్రదర్శనలో 29 డాలర్ల 75 సెంట్లకి అమ్మకానికి పెట్టారు. పదిహేనేళ్ళ తర్వాత, 1952లో, హెర్షీ, చేజ్ అనే ఇద్దరు వైరస్‌ల తొడుగుల్ని బాక్టీరియాల నుంచి విదిలించడానికి ఇదే వేరింగ్ బ్లెండర్ వాడి, వంశపారంపర్య పదార్థం ప్రొటీన్ కాదు డి.ఎన్.ఎ. అని చూపించారు. ఏ వంటింటి సామానుకీ ఇంతకంటే గొప్ప బయోడేటా లేదు.

డబ్బాలో వచ్చే కూరగాయల రసం కూడా ఆ రోజుల్దే. టొమేటో రసం అమెరికన్ ఉదయాల్లోకి రావడానికి 1917 నాటి ఒక హోటల్లో నారింజ రసం అయిపోవడం కారణమని చెప్పే కథ ఉంది. 1930లలో పీకాక్ అనే వ్యాపారి టొమేటోకి క్యారెట్, బీట్‌రూట్, సెలరీ, పాలకూర వగైరా ఏడు చేర్చి అమ్మిన రసమే వి-8. అప్పటి ప్రచారంలో గొప్ప మాట విటమిన్. మాట మారింది గానీ సీసా అదే.

మన వైపు కథ వేరు. 1960లలో ముంబైలో సీమెన్స్‌లో పనిచేసే సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మన్ మిక్సీ పాడైంది. బాగుచేసేవాడు దొరకలేదు. ఆ యంత్రం పండ్లూ పాలూ కలపడానికి తయారైంది. దాని చేత నానబెట్టిన మినప్పప్పూ, ఎండు పసుపుకొమ్మూ రుబ్బించాలని చూస్తే మోటారు ఏం చేస్తుంది? తనే గట్టి మోటారుతో ఒకటి తయారుచేశాడు. అదే సుమీత్. రోలూ, రుబ్బురోలూ పెరట్లోకి వెళ్ళిపోవడం అక్కణ్ణుంచే మొదలు. అక్కడ బ్లెండర్ అంటే తాగేది తయారుచేసే యంత్రం, ఇక్కడ మిక్సీ అంటే పచ్చడి చేసే యంత్రం. మసాలాతో కూరగాయల్ని నూరడం మనకి కొత్త కాదు. నూరినదాన్ని పచ్చిగా, అన్నం లేకుండా, స్ట్రా పెట్టుకుని తాగడం కొత్త.

నూరడం వల్ల ఏమవుతుందో వంకాయ చెప్పేసింది. బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ గదుల గోడలన్నీ ఒకేసారి కూలుస్తుంది, పైగా గాలిని లోపలికి చిలుకుతుంది. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు మనుషులకి రెండు రకాల స్మూతీలిచ్చి చూశారు. అరటిపండు వేసి కొట్టినది తాగినవాళ్ళ రక్తంలోకి ఫ్లావనాల్ అనే పదార్థాలు, మామూలుగా ఎంత చేరాలో అంతకంటే 84 శాతం తక్కువ చేరాయి. అరటిపండులో ఆ నల్లబరిచే ఎంజైమ్ దండిగా ఉంటుంది. బెర్రీపండ్లతో చేసినదాంట్లో ఆ నష్టం లేదు. అంటే చిక్కదనం కోసం, తీపి కోసం మనం వేసే అరటిపండే, ఏ పదార్థాల కోసమని తాగుతున్నామో వాటిలో కొన్నిటిని గ్లాసులోనూ కడుపులోనూ కాజేస్తోంది.

ఇప్పుడు అసలు గెంతు. డెన్‌హమ్ హార్మన్ షెల్ కంపెనీలో పెట్రోలియం రసాయనాల మీద పనిచేశాడు. ఫ్రీ రాడికల్స్, అంటే జంట తప్పిన ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువులు, ఆయనకి కొట్టిన పిండి. తర్వాత వైద్యం చదివాడు. మనిషి ముసలివాడెందుకవుతాడు అన్న ప్రశ్న పట్టుకుంది. 1956లో అచ్చయిన ఆయన జవాబు అందంగా ఉంటుంది: రబ్బరుకీ, నూనెకీ జరిగేదే మనకీ జరుగుతుంది, లోపల పుట్టే ఫ్రీ రాడికల్సే మనల్ని ముక్కబెడతాయి. అయితే రబ్బరుని కాపాడేవి మనల్నీ కాపాడాలి కదా! ఎలుకలకి ఫ్యాక్టరీ యాంటీఆక్సిడెంట్లే తినిపించాడు. సగటు ఆయుష్షు పెరిగింది. గరిష్ఠ ఆయుష్షు పెరగలేదు. హార్మన్ ఈ తేడాని దాచలేదు, దాని గురించి ఆలోచించి 1972లో తన సిద్ధాంతాన్ని మార్చుకున్నాడు కూడా. కానీ అప్పటికే మాట ల్యాబ్ దాటి బజారున పడింది. ఉపమానం బాగుంటే సిద్ధాంతం సగం గెలిచినట్టే. సాహిత్య విమర్శ చదివేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

కూరగాయలు ఎక్కువ తినేవాళ్ళకి కాన్సర్ తక్కువ అని సర్వేల్లో కనిపిస్తోంది. కూరగాయల్లో బీటా కెరోటిన్ ఉంది. అది యాంటీఆక్సిడెంట్. కాబట్టి మాత్ర చేసి ఇస్తే సరి. ఈ 'కాబట్టి'ని ఫిన్లాండులో పరీక్షకి పెట్టారు. సిగరెట్లు తాగే 29,133 మంది మగవాళ్ళు, ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. 1994లో ఫలితాలొచ్చాయి: రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువ. పొరపాటేమో అనుకోవడానికి లేకుండా అమెరికాలో 18,314 మందితో జరుగుతున్న ఇంకో పరీక్షని 1996 జనవరిలో, గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. అక్కడ ఊపిరితిత్తుల కాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ. కాపాడతాయని ఇచ్చిన మాత్రలు.

ఈ అంకెలు నేను మొదటిసారి చదివింది కుతూహలంతో కాదు. మూడేళ్ళ క్రితం మా పెద్దమ్మకి కీమోథెరపీ జరుగుతున్నప్పుడు డల్లాస్ నుంచి అన్నయ్య రెండు పెద్ద డబ్బాలు పంపాడు. ఆకుకూరలూ పసుపూ ద్రాక్ష గింజలూ పొడి చేసిన మాత్రలు, ఒక్కోదానిలో ఇరవై కిలోల కూరగాయల శక్తి ఉందని పైన రాసి ఉంది. ప్రేమగా పంపాడు, అంత దూరంలో ఉన్నవాడు ఇంకేం చెయ్యగలడు? డాక్టరుగారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "మేమిచ్చే మందుల్లో కొన్ని ఆ కణాల్ని ఆక్సిజన్‌తోనే కాల్చి చంపుతాయమ్మా. మీరు నీళ్ళు పోస్తే ఎలా? చికిత్స అయ్యేదాకా పక్కన పెట్టండి. కూరలు తినండి, చారు పోసుకోండి, దానికేం అడ్డు లేదు," అన్నారు. పెద్దమ్మ ఆ డబ్బాలు పారెయ్యలేదు. అన్నయ్య వీడియో కాల్ చేసినప్పుడు వెనకాల కనిపించేట్టు అలమార్లో పెట్టుకుంది. ఆ రాత్రి నేను కూర్చుని ఫిన్లాండు వ్యాసం చదివాను.

ఆక్సిజన్‌తో కాల్చడం మందులు మాత్రమే చేసే పని కాదు. మన తెల్ల రక్తకణాలు క్రిముల్ని చంపేది కూడా ఫ్రీ రాడికల్స్ చల్లే. 2009లో మైకేల్ రిస్టో బృందం ఇంకొకటి చూపించింది: వ్యాయామం చేసేవాళ్ళకి విటమిన్ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో ఇస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల రాకుండా పోయింది. కసరత్తు చేసినప్పుడు పుట్టే ఆ కాస్త రాపిడే ఒంటికి అందే కబురు. మాత్ర ఆ కబురు అందకుండా చేస్తోంది. జిమ్ నుంచి సరాసరి జ్యూస్ కౌంటర్‌కి వచ్చే మా టీమ్ కుర్రాళ్ళకి ఇది చెప్పి చూశాను. "బ్రో, తాగేటప్పుడైనా ప్రశాంతంగా తాగనివ్వు," అన్నారు. న్యాయమే.

ఇన్ని జరిగాక కూడా బోర్డు మీద ఆ మాట ఎలా నిలిచింది? ఒక అంకె దొరికింది కాబట్టి. 1990లలో ఓరాక్ అనే కొలత వచ్చింది. పరీక్షనాళికలో ఒక పదార్థం ఫ్రీ రాడికల్స్‌ని ఎంతసేపు ఆపగలదో కొలుస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ 2007లో 277 ఆహారాల ఓరాక్ పట్టిక ప్రకటించింది. పట్టిక పైభాగాన మసాలా దినుసులు. 2010 నాటి సవరణలో వంద గ్రాముల లవంగాల పొడికి దాదాపు 2.9 లక్షలు. స్మూతీలో లవంగం పొడి ఎందుకు పడుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. కానీ ఎవరు వంద గ్రాముల లవంగాలు తింటారు? తిన్నా రక్తంలోకి ఎంత పోతుంది? 2012లో ఆ శాఖే పట్టికని తన సైటులోంచి తీసేసింది: ఈ అంకెలకీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం ఉన్నట్టు కనబడటం లేదు, వ్యాపారస్తులు వీటిని ఇష్టమొచ్చినట్టు వాడుకుంటున్నారు అని చెప్పి మరీ. మా వృత్తిలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ల్యాప్‌టాప్ మీద బెంచ్‌మార్క్‌లో అదరగొట్టిన కోడ్ ప్రొడక్షన్లో చతికిలపడటం రోజూ చూస్తాం. కాకపోతే మేము ఆ బెంచ్‌మార్క్‌ని సీసా మీద అచ్చు వేసి అమ్మం. అంటే, మా మార్కెటింగ్ వాళ్ళ సంగతి నాకు తెలీదనుకోండి.

అయితే ఆ గ్లాసులో మంచేమీ లేదా? ఉంది. కాకపోతే బోర్డు చెప్పే కారణానికి కాదు. బీట్‌రూట్‌నే తీసుకోండి. 2008లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులకి అర లీటరు బీట్‌రూట్ రసం ఇస్తే కొన్ని గంటల్లో పై రక్తపోటు సుమారు 10 పాయింట్లు తగ్గింది. దానికి కారణం బీట్‌రూట్‌లోని నైట్రేట్. అది రక్తంలో కలిసి, లాలాజలంలోకి తిరిగొచ్చి, నాలుక మీది బాక్టీరియా చేతిలో నైట్రైట్‌గా మారి, మళ్ళీ కడుపులోకి పోయి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. అది రక్తనాళాల్ని వదులు చేస్తుంది. రసం తాగాక ఉమ్ము మింగకుండా ఉమ్మేయమన్నప్పుడు రక్తపోటు తగ్గలేదు. ఇందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది: ఈ నైట్రిక్ ఆక్సైడ్ స్వయానా ఒక ఫ్రీ రాడికల్. బోర్డు ఎవరిని శత్రువంటోందో వాడే ఆ గ్లాసులో మనకి పనిచేసి పెడుతున్నాడు.

టొమేటో కథ ఇంకా మనకి దగ్గర. మా నాయనమ్మ తరం కోస్తావాళ్ళు దాన్ని రామములగ అనేవాళ్ళు, అంటే అది మన వంటలోకి కొత్తగా వచ్చిన కాయే. 1992లో జర్మనీలో స్టాల్, సీస్ అనే ఇద్దరు టొమేటో రసాన్ని రెండు విధాలుగా ఇచ్చి చూశారు. మామూలు రసం తాగినప్పుడు అందులోని లైకోపీన్ రక్తంలో పెరగలేదు. అదే రసంలో ఒక శాతం మొక్కజొన్న నూనె వేసి గంటసేపు మరిగించి ఇస్తే పెరిగింది. ఎర్ర రంగునిచ్చే ఈ పదార్థం నూనెలో కరిగేది, పైగా వేడి తగిలితేగానీ కణం గోడల్ని వదిలి రాదు. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు 1980లోనే పిల్లలకి ఆకుకూర పెట్టి చూసి, దానికి రోజుకి ఐదు గ్రాముల కొవ్వు తోడైతే రక్తంలో విటమిన్ ఎ బాగా పెరుగుతుందని, పది గ్రాములిచ్చినా అంతకంటే పెరగదని చెప్పారు. ఐదు గ్రాములంటే ఒక టీస్పూను. పోపుకి వేసేది.

పసుపూ మిరియాలూ జంట గురించి అందరూ ఎత్తి చూపేది 1998 నాటి బెంగుళూరు పరిశోధన. రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో ఇరవై మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే, కర్క్యుమిన్ రక్తంలోకి చేరడం ఇరవై రెట్లు పెరిగింది. ఇరవై మిల్లీగ్రాముల పైపరిన్‌కి చిటికెడు మిరియాల పొడి చాలు, బానే ఉంది. కానీ పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు మూడు శాతం. రెండు గ్రాములు కావాలంటే అరవై ఐదు గ్రాముల పసుపు తాగాలి. అంత పసుపు పెళ్ళికూతురికి నలుగు పెట్టడానికి సరిపోతుంది. గ్లాసులో పడే పావు స్పూను రంగుకీ, రుచికీ అనుకుని వేసుకుంటే ఏ గొడవా లేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని నేను వారానికి మూడు నాలుగు రోజులు చేసుకునే స్మూతీ ఇలా తయారైంది. రెండు టొమేటోలు, ఒక క్యారెట్, సగం బీట్‌రూట్ తరిగి, టీస్పూను నువ్వులనూనెలో జీలకర్ర, దంచిన మిరియాలు, చిటికెడు పసుపు వేగాక ఆ ముక్కలు వేసి, చిన్న అల్లం ముక్కతో, గ్లాసు నీళ్ళు పోసి మూతపెట్టి మెత్తగా ఉడికిస్తాను. వేడికి నల్లబరిచే ఎంజైములు చచ్చిపోతాయి, కాబట్టి తర్వాత మిక్సీ ఎంత తిప్పినా భయం లేదు. చల్లారాక కొట్టి, ఉప్పు, నిమ్మకాయ పిండుకుంటాను. ఉడికిస్తే కొంత పోయే విటమిన్ సి ఆ నిమ్మరసంతో కొంత తిరిగొస్తుంది. వడకట్టను, పీచు పారబోసుకుంటే కూరగాయతో పనేముంది. అరటిపండు వెయ్యను. లవంగం ఒకటి వేస్తాను, నాకా వాసన ఇష్టం.

పాలకూర వెయ్యకపోవడానికి కారణం ఉంది. అందులో ఆక్సలేట్ ఎక్కువ. పప్పులో కట్ట పాలకూర నలుగురు తింటే ఏమీ కాదు. మిక్సీకి మాత్రం కట్టలు కట్టలు ఒక్క మనిషి గ్లాసులో ఇరికించే శక్తి ఉంది. పది రోజులు పచ్చి ఆకుల స్మూతీలే తాగిన ఒక అరవై ఐదేళ్ళావిడ కిడ్నీలు ఆక్సలేట్ స్ఫటికాలతో దెబ్బతిని, మళ్ళీ కోలుకోలేదని 2018లో ఒక వైద్యపత్రికలో వచ్చింది. ఆవిడకి అంతకుముందు పొట్ట ఆపరేషనూ, యాంటీబయాటిక్ వాడకమూ ఉన్నాయి, అందరికీ అలా అవుతుందని కాదు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు మాత్రం బీట్‌రూట్ విషయంలోనూ డాక్టర్ని అడగాలి, దానిలోనూ ఆక్సలేట్ తక్కువేం కాదు.

పెద్దమ్మ ఇప్పుడు బావుంది. పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు ఆవిడకీ ఒక గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు కిందపెట్టి, "చారులో పప్పునీళ్ళు మరిచిపోయావురా," అని, కాస్త అన్నం ఉందేమోనని కుక్కర్ మూత తీసింది.